ఫ్యాను ఎందుకు తిరగడం లేదు?

ఇంజను నడిస్తే వేడి పుడుతుంది. వేడి మితిమీరితే ఇంజను పట్టేస్తుంది. అందుకే ఇంజను లోపల నీళ్ళు తిరుగుతూ ఉంటాయి. వేడెక్కిన నీళ్ళు రేడియేటరులోకి వస్తాయి. సన్నని గొట్టాల్లో పారి చల్లబడతాయి. మళ్ళీ ఇంజనులోకి పోతాయి.

రేడియేటరును చల్లబరిచేది గాలి. బండి జోరుగా పోతుంటే ఎదురుగాలి తగులుతుంది. బండి ఆగినా, మెల్లగా పోయినా ఆ గాలి చాలదు. అప్పుడు ఫ్యాను తిరగాలి.

పాత పెద్ద లారీల్లో ఫ్యాను బెల్టుతో తిరుగుతుంది. బెల్టు తెగినా, వదులైనా పని చెడుతుంది. ఇంజను ఆపి, బెల్టును బొటనవేలితో నొక్కి చూడాలి. సుమారు ఒక సెంటీమీటరు లోపలికి పోతే సరే. బాగా జారిపోతే బిగించాలి. పగుళ్ళు ఉంటే మార్చాలి.

చిన్న లారీలు చాలావాటికి కరెంటు ఫ్యాను ఉంటుంది. నీళ్ళు బాగా వేడెక్కితేనే అది తిరుగుతుంది. చల్లబడితే ఆగుతుంది. పొద్దున్నే బండి స్టార్టు చేయగానే ఫ్యాను తిరగకపోతే భయం లేదు. మీటరు ముల్లు పైకి పోతున్నా తిరగకపోతేనే చెడినట్టు.

టమాటా లోడు

ఒక పాత చిన్న లారీ మదనపల్లెలో టమాటా లోడు వేసుకుంది. చెన్నై పోవాలి. హైవే మీద ముల్లు మధ్యలోనే ఉంది. తిరుపతి ట్రాఫిక్కులో బండి ఆగి ఆగి కదిలింది. ముల్లు ఎర్ర గీత దాకా పోయింది. డ్రైవరు బండిని పక్కకు తీసి ఇంజను ఆపాడు.

దగ్గరలోని ఒక షెడ్డులో అడిగాడు. "ఫ్యాను మోటారు కాలిపోయింది. కొత్తది వెయ్యాల" అన్నారు. వాళ్ళు ఏమీ విప్పి చూడలేదు. మోటారు ధర వేలల్లో చెప్పారు. డ్రైవరు చేతిలో అంత డబ్బు లేదు. టమాటా ఎండలో ఉంది.

అతను ఇంకో షెడ్డుకు పోయి వైరింగు మేస్త్రిని పిలుచుకొచ్చాడు.

"హైవే మీద ముల్లు లేచిందా తమ్ముడూ?"

"లేదన్నా. ఊళ్ళోకి వచ్చినాకే లేచింది."

"అయితే అనుమానం ఫ్యాను మీదే. జోరుగా పోతున్నప్పుడు కూడా లేచి ఉంటే, నీళ్ళు తగ్గాయో, రేడియేటరు పూడిందో చూడాల్సి వచ్చేది."

మేస్త్రి ఫ్యాను ప్లగ్గు ఊడదీశాడు. బ్యాటరీ నుంచి రెండు వైర్లు తెచ్చి మోటారుకు ముట్టించాడు. ఫ్యాను గిర్రున తిరిగింది.

"మోటారు బాగానే ఉంది. మరి కరెంటు దారిలో ఎక్కడ ఆగింది? అది కదా చూడాల" అన్నాడు మేస్త్రి.

ఫ్యూజుల పెట్టె తెరిచారు. మూత మీద ఫ్యాను బొమ్మ ఉంది. పక్కన 20 అని ఉంది. ఆ అంకెను డ్రైవరే చదివాడు. 20 అంకె వేసిన పసుపు ఫ్యూజు తీసి చూశారు. లోపలి తీగ కరిగిపోయి ఉంది. కొత్త ఫ్యూజు పెట్టి తాళం తిప్పారు. అదీ టప్పున పోయింది.

"టైమయిపోతోందన్నా. ఒక రాగి తీగ చుట్టి పెట్టేద్దామా?"

"వద్దు తమ్ముడూ! ఫ్యూజు కాలిందంటే ఎక్కడో తప్పుందని చెప్తోంది. తీగ పెట్టి దాని నోరు మూస్తే వైర్లు కాలుతాయి. బండే అంటుకోవచ్చు."

మేస్త్రి బ్యాటరీ వైరు తీసేసి, ఫ్యాను వైరును చేత్తో తడుముతూ పోయాడు. రేడియేటరు ఇనుప చట్రం దగ్గర వైరు ఒరుసుకుని ఉంది. పైతొడుగు అరిగి, రాగి బయటపడి ఇనుముకు తగులుతోంది. అక్కడ టేపు చుట్టాడు. పైన గొట్టం తొడిగి, చట్రానికి దూరంగా కట్టాడు. కొత్త ఫ్యూజు పెట్టాడు. ఇంజను స్టార్టు చేశారు. నీళ్ళు వేడెక్కాక ఫ్యాను దానంతటదే తిరిగింది.

పోయింది రెండు ఫ్యూజులు. మిగిలింది మోటారు ధర, టమాటా లోడు.

వరుసగా చూడాలి

తక్కువ ఖర్చు పని ముందు. ఎక్కువ ఖర్చు పని చివర.

1. నీళ్ళు. ఇంజను చల్లారాక చూడాలి. నీళ్ళు తగ్గితే వేడి కనిపెట్టే స్విచ్చికి నీళ్ళు తగలవు. ఫ్యానుకు కబురు అందదు.

2. రెక్కలు. బ్యాటరీ వైరు తీసి, రెక్కను చేత్తో తిప్పాలి. తిరగకపోతే మోటారు పట్టేసింది.

3. ఫ్యూజు. కాలితే అదే అంకె ఉన్నది పెట్టాలి. 20కి బదులు 30 పెట్టకూడదు.

4. రిలే. అదే పెట్టెలో అదే రకం రిలే ఇంకొకటి ఉంటే మార్చి చూడాలి. ఫ్యాను తిరిగితే పాత రిలే చెడింది.

5. ఎర్త్ వైరు. బండి చట్రానికి బిగించిన చోట తుప్పు ఉంటే గీకి బిగించాలి.

6. వేడి స్విచ్చి. పాత బండ్లలో దీని ప్లగ్గు తీసి, రెండు కొనలూ కలిపితే ఫ్యాను తిరగాలి. తిరిగితే స్విచ్చి మార్చాలి. కంప్యూటరు ఉన్న కొత్త బండ్లలో ఇలా చేయకూడదు.

7. మోటారు. బ్యాటరీ కరెంటు నేరుగా ఇచ్చినా తిరగకపోతేనే కొత్తది కొనాలి.

జాగ్రత్త!

వేడిగా ఉన్న రేడియేటరు మూత తీయకూడదు. అది ప్రెషరు కుక్కరు లాంటిది. లోపలి నీళ్ళు 100 డిగ్రీలు దాటి ఉండవచ్చు. మూత తీస్తే మొహం మీదికి చిమ్ముతాయి. అరగంటకు పైగా ఆగండి. చేత్తో ముట్టుకుంటే చల్లగా ఉండాలి. అప్పుడే తీయండి.

ఇంజను ఆపినా ఫ్యాను ఉన్నట్టుండి తిరగవచ్చు. బ్యాటరీ వైరు తీయకుండా రెక్కల్లో చెయ్యి పెట్టవద్దు.

జవాబులు చెప్పండి

1. హైవే మీద లేవని ముల్లు ట్రాఫిక్కులో ఎందుకు లేచింది?
2. మోటారు బాగుందని మేస్త్రి ఎలా తెలుసుకున్నాడు?
3. ఫ్యూజుకు బదులు తీగ పెడితే ఏమవుతుంది?

చేసి చూడండి

మీ ఊళ్ళో లారీ గానీ ట్రాక్టరు గానీ ఉంటే, ఫ్యూజుల పెట్టె మూత చూపించమని అడగండి. దాని మీది అంకెలు చదవండి. ఏ అంకె దేనికో అడిగి మీ నోటుబుక్కులో రాసుకోండి.