సమాధి కుండలు

ఈసారి సమాధి కుండల గురించి రాస్తున్నాను. ఇది దయ్యాల కథ కాదు, సాంఘిక శాస్త్రమే. భయపడకండి.

ఈజిప్టు అంటే మనకి మమ్మీలే గుర్తొస్తాయి. హైదరాబాదు పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలో కూడా ఒక మమ్మీ ఉంది. కానీ మమ్మీ చేయించడం అందరివల్లా అయ్యే పని కాదు. చాలామందిని ఇసుకలో గొయ్యి తీసి పెట్టేవారు. కొందరిని పెద్ద మట్టి కుండలో పెట్టి పాతేవారు. ఇంట్లో వాడేసిన కుండలే ఎక్కువగా వాడేవారు.

పాత కుండ కదా, బీదవాళ్ళదే అయ్యుంటుందని పండితులు చాలాకాలం అనుకున్నారు. 2016లో రోనికా పవర్, యాన్ ట్రిస్టాన్ అనే పరిశోధకులు 46 చోట్ల దొరికిన కుండ సమాధుల వివరాలు పరిశీలించారు. అవి ఎక్కువగా క్రీ.పూ. 3300 నుంచి 1650 వరకు ఉన్నవి. చిన్నపిల్లలే కాదు, సగానికి పైగా చోట్ల పెద్దవాళ్ళూ ఉన్నారు. కొన్నిట్లో బంగారం కూడా దొరికింది. మరి బంగారం ఉన్నవాళ్ళకి మట్టి కుండ ఎందుకు? కుండ తల్లి కడుపు లాంటిది, అందులోంచి మళ్ళీ పుడతారని నమ్మి ఉండొచ్చని వాళ్ళు రాశారు. అంటే కుండ బీదతనానికి గుర్తు కాదన్నమాట.

మన దేశంలోనూ ఇలాంటివి ఉన్నాయి. ఇనుప యుగంలో పెద్ద రాళ్ళు పేర్చి, వాటి కింద ఎముకలను కుండల్లో, మట్టి పెట్టెల్లో ఉంచేవారు. కడప జిల్లా శంకవరంలో పొట్టేలు ఆకారంలో చేసిన మట్టి శవపేటిక దొరికింది. దానికి తల, వరసగా కాళ్ళు ఉన్నాయి. అది చెన్నై మ్యూజియంలో ఉంది. పల్లెల్లో ఇలాంటి రాళ్ళను రాకాసి గుళ్ళంటారు. కట్టింది రాకాసులు కాదు, మనుషులే.

మన ముక్తేశ్వరం రేవులో పారే గోదావరి మీదే, ఎగువన వేలేరుపాడు మండలంలో రుద్రమకోట ఉంది. అక్కడ కూడా ఇనుప యుగపు సమాధులున్నాయి. ఆ ఊరు పోలవరం ముంపు ప్రాంతంలో ఉంది. కుండని మ్యూజియానికి తీసుకెళ్ళొచ్చు. ఆ చోటుని తీసుకెళ్ళలేం కదా!

నేను కోయ పిల్లని. మా వైపు చనిపోయిన పెద్దల పేరున రాళ్ళు నిలబెడతారు. మా అమ్మమ్మకి అక్షరం రాదు, కానీ ఏ రాయి ఎవరిదో వరసగా చెప్తుంది. అది ఏ పుస్తకంలోనూ లేదు. అందుకే సెలవులకి ఇంటికెళ్ళినప్పుడు మీరూ అడిగి రాసుకోండి. నిధి ఉందని ఎవరైనా తవ్వబోతే, అది మన పెద్దలు పడుకున్న చోటని చెప్పండి.

ప్రశ్నలు:
1. కుండ సమాధి బీదవాళ్ళదే అనడం ఎందుకు తప్పు?
2. శంకవరం శవపేటిక ఏ ఆకారంలో ఉంది?
3. మీ ఊళ్ళో పెద్దల రాళ్ళు ఎన్ని?

మూడోదానికి జవాబు నా దగ్గర లేదు. మీరే తేవాలి.

— 9వ తరగతి విద్యార్థిని