పాత కారు – రోగనిర్ణయ పద్ధతి

తెలుగు ఉపన్యాసకులకు కారు ఇంజనుతో పనియేమియని విద్యార్థి మిత్రులు శంకింపవచ్చును. మా యింట 1986 నాటి అంబాసిడర్ ఒకటి కలదు. తండ్రిగారి నుండి సంక్రమించినది. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి నమూనాపై ఉత్తరపారా కర్మాగారమున రూపొందిన ఈ జాతి బండ్ల ఉత్పత్తి 2014లో నిలిచిపోయినది. ఇట్టి బండి గలవాడు ఎంతో కొంత మేస్త్రీ కాక తప్పదు.

కారు రోగము కనిపెట్టుటకు తర్కశాస్త్రమునందలి అన్వయ వ్యతిరేకములే మాకు తోడ్పడినవి. ఒకటి ఉన్నచో మరొకటి ఉండుట అన్వయము. అది లేనిచో ఇది లేకపోవుట వ్యతిరేకము. ఈ రెంటినీ పరీక్షింపక సామాను మార్చుట ధనవ్యయమే. మా ఉర్దూ శాఖ మిత్రులొకరు "నాడి చూడని హకీము మందు వ్రాయునా?" అని అందురు.

గత వేసవిలో ఒకనాటి తెల్లవారుజామున మా తల్లిగారికి ఊపిరాడక ఆసుపత్రికి బయలుదేరితిమి. తాళపుచెవి త్రిప్పగా సెల్ఫ్ మోటారు మూలిగి అరచుట్టు తిరిగి ఆగినది. పొరుగువారి ఆటోలో సకాలమున చేరితిమి గాని, ఆ పది నిమిషములు మరువరానివి. మేస్త్రీ వచ్చి బ్యాటరీ పోయినదని క్రొత్తది బిగించెను. నాలుగు దినములు బండి కదలినది. అయిదవనాడు మరల అదే మూలుగు. ఈసారి సెల్ఫ్ మార్చవలెననెను. అప్పుడు మేము ఆగి ఆలోచించితిమి.

ముందు దీపములు వెలిగించి సెల్ఫ్ త్రిప్పితిమి. బ్యాటరీ బలహీనమైనచో దీపములు బాగుగా మసకబారవలెను. మావి దాదాపు మసకబారలేదు. కనుక బ్యాటరీ దోషి కాదు. రెండవ సాక్ష్యము విచిత్రమైనది. రెండు మూడు సారులు త్రిప్పిన పిమ్మట చోక్ తీగ చేతికి వేడిగా తగిలినది. చోక్ తీగలో విద్యుత్తుకేమి పని?

సమాధానమిది. ఇంజను రబ్బరు దిండ్లపై కూర్చుండును గనుక దానికి బాడీతో విద్యుత్ సంబంధము ఒక అల్లిన ఎర్త్ పట్టీ ద్వారానే కలుగును. ఆ పట్టీ తుప్పుపట్టినచో సెల్ఫ్ విద్యుత్తు దొరికిన దారి పట్టి, చోక్ తీగ గుండా తిరిగివచ్చును. దీపములు బాడీకే ఎర్త్ అయినవి కావున వాటికి బాధ లేదు. ఇంజను లోహమునకును బ్యాటరీ ఎర్త్ కొనకును మధ్య మీటరు పెట్టి సెల్ఫ్ త్రిప్పగా 3 వోల్టులు చూపినది. అర వోల్టు దాటరాదు. సెల్ఫ్ 150 ఆంపియర్లు లాగినదనుకొన్నచో 0.02 ఓము నిరోధము చాలును, 3 వోల్టులు మ్రింగివేయుటకు. అదే నిరోధము 10 ఆంపియర్ల దారిలో అయిదవ వంతు వోల్టే తినును, ఎవరికిని తెలియదు. బండి క్రిందికి దూరి చూడగా పట్టీలో నాలుగైదు పోగులు మాత్రమే మిగిలియున్నవి. క్రొత్త పట్టీకి రెండువందల రూపాయలలోపే అయినది. క్రొత్త బ్యాటరీ వెల వేలలో ఉన్నది, దానిని గూర్చి ఇంట ఇప్పటికిని ప్రస్తావన రాకుండ జాగ్రత్తపడుచున్నాము.

సెల్ఫ్ చక్కగా తిరిగియు ఇంజను అందుకొననిచో నిప్పురవ్వనో పెట్రోలునో విచారింపవలెను. ప్లగ్గు తీసి దాని తీగకు తగిలించి, లోహపు అంచు ఇంజనుకు ఆనించి, తీగను రబ్బరు పిడి పట్టకారుతో పట్టి సెల్ఫ్ త్రిప్పించవలెను. పెట్రోలు ఆవిరి దాపున లేకుండ చూచుకొనవలెను. నీలిరవ్వ బలమునకు, పసుపురవ్వ బలహీనతకు గుర్తు. రవ్వ రానిచో డెల్కో మూత విప్పి పాయింట్లు చూడవలెను. ఈ బండిలో వాటి ఎడము అంగుళములో వెయ్యింట 15 వంతులు, ప్లగ్గు ఎడము 25 వంతులు. పాయింట్లు తరచుగా నల్లబడుచున్నచో కండెన్సరును అనుమానింపవలెను. వర్షము కురిసిన మరునాడు మూత లోపలి చెమ్మ పొడిగుడ్డతో తుడిచిన చాలును.

మండుటెండలో నడిచి నిలిచిన బండి ఎంతకును అందుకొననిచో పెట్రోలు గొట్టములో ఆవిరి కట్టియుండవచ్చును. పంపుపై తడిగుడ్డ కప్పి కొంతసేపు ఆగవలెను. పొగ నీలిగా ఉన్న నూనె మండుచున్నదని, నల్లగా ఉన్న పెట్రోలు అధికమైనదని, ఇంజను వేడెక్కినను తెల్లగా వదలుచున్నచో నీరు లోనికి పోవుచున్నదని గ్రహింపవలెను. వేడిగా నున్న రేడియేటరు మూత మాత్రము ఎవ్వరును తెరువరాదు.

బ్రేకు పెడలు మెత్తగా దిగి రెండుమూడు మార్లు త్రొక్కిన గట్టిపడినచో గొట్టములలో గాలి చేరియుండును, లేదా షూలు అరిగి సర్దుబాటు తప్పియుండును. త్రొక్కి పట్టియుండగా మెల్లగా దిగిపోయినచో మాస్టర్ సిలిండరు కారుచున్నదని అర్థము. ఇక్కడ మేము పానా పట్టుట లేదు. బండిని అచ్చటనే నిలిపి మేస్త్రీని పిలిపించుచున్నాము.