కొద్దిపాటి వేళలో హార్మోనియము సాధన

పాఠ్యభాగము: 1 సమూయేలు 16:14–23



సౌలు రాజు నెమ్మది లేక బాధపడినప్పుడు, చక్కగా వాయింపగల యొకని వెదకి తెమ్మని తన సేవకులతో చెప్పెను. దొరికినవాడెవడు? యెష్షయి కుమారుడైన దావీదు. 19వ వచనము చూడుడి. అప్పుడతడు గొఱ్ఱెలయొద్ద నుండెను. మందను కాయువానికే ఆ నేర్పు కలిగెను. కబురు వచ్చిన తరువాత నేర్చుకొనుటకు వ్యవధి లేదు గదా!

మన గ్రామ సంఘములలో హార్మోనియము వాయించు యౌవనులును కష్టజీవులే. నాట్లు, కలుపు, కోతలు ముగించి యిల్లు చేరుసరికి చీకటి పడును. "మాస్టారూ, సాధనకు తీరిక యెక్కడ?" అని నన్నడుగుదురు. నేనును ఒకప్పుడు ఆలాగే తలంచి, వారమంతయు విడిచిపెట్టి, శనివారము రాత్రి రెండు గంటలు కూర్చుండువాడను. ఒక బుధవారమున భూస్థాపన కూడికకు పిలిచిరి. రెండవ చరణములో నా వ్రేళ్లు తడబడెను; పాట నడుమ తెగిపోయెను. బిడ్డను పోగొట్టుకొన్న తల్లి తలయెత్తి నా వైపు చూచెను. ఆ చూపు నేను మరువలేదు. అటు తరువాత నేర్చుకొన్న సంగతులను మీకు తెలుపుచున్నాను.

1. అనుదినము పదునైదు నిమిషములు. ఆరు దినములకు గంటన్నరయే యగును. అయినను శనివారపు రెండు గంటలకంటె ఇదియే మేలు. నేర్చినది నిద్రలో మనస్సునందు కుదురుకొనును, మరునాడు మరల పట్టగా గట్టిపడును.

2. మొదటి మూడు నిమిషములు తిత్తికి. ఒక్క స్వరమును పట్టి, నాదము ఎగుడుదిగుడు కాకుండ గాలిని సమముగా ఆడించుడి.

3. తరువాతి యెనిమిది నిమిషములు తడబడు చోటికే. పల్లవినుండి తుదివరకు మాటిమాటికి వాయించినయెడల వచ్చినదే వచ్చును, రానిది రానట్లే యుండును. చిక్కు గల చోటికి ముందు వెనుక రెండేసి స్వరములు కలిపి, సగము నడకలో వాయించుడి. ఐదుసార్లు వరుసగా తప్పు లేక వచ్చిన పిమ్మటనే నడక పెంచుడి. తొందరపడినచో చేయి తప్పునే నేర్చుకొనును.

4. కడపటి నాలుగు నిమిషములు పాడుచు వాయించుడి. సంఘము ఎత్తుకొను శ్రుతిలోనే వాయించుడి. ఇంట ఒకటి శ్రుతిలో నేర్చి, మందిరములో ఒకటిన్నరకు మారినయెడల మెట్లు మారును, వ్రేళ్ల వరుసయు మారును. సెల్‌ఫోనులో రికార్డు చేసి వినుడి. వాయించునప్పుడు తెలియని తప్పు అప్పుడు తెలియును.

5. పెట్టె దగ్గర లేనప్పుడు. హార్మోనియము మందిరములో తాళము వేసియున్నను సాధన ఆగనక్కరలేదు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనలలో పాటల పైన రాగ తాళముల పేర్లు ముద్రింపబడి యున్నవి. ఆదితాళమునకు ఎనిమిది అక్షరములు, మిశ్రచాపునకు ఏడు. పొలమునకు నడచుచు స్వరములు నోట పలుకుడి, చేతితో తాళము వేయుడి.

ఏ యింట ఎప్పుడు దుఃఖము కలుగునో మనమెరుగము. పిలుపు వచ్చిన దినమున సాధన చేయలేము. చేసిన సాధనయే అక్కరకు వచ్చును.

ఆలోచించుడి:
1. దావీదును పిలువనంపినప్పుడు అతడు ఏ పనిలో నుండెను?
2. మీ దినములో ఆ పదునైదు నిమిషములు ఎక్కడ దొరకును?
3. ఈ వారము మీరు సరిచేయవలసిన చోటు ఏ పాటలో నున్నది?