వయ్యారిభామ – గోవాడ బీళ్ళు

గోవాడ పేరు వినగానే చెరకు తోటలును, చక్కెర కర్మాగారమును స్ఫురించును. ఆ తోటల గట్లను, బండి దారులను, పశువులు మేయు బీళ్ళను పరికించినచో మరియొక పైరు కానవచ్చును. దానిని ఎవరును విత్తలేదు. క్యారెట్ ఆకును పోలిన ఆకులు, చిన్న తెల్లని పూవులు గల ఈ మొక్కను తెలుగువారు వయ్యారిభామ అందురు. ఉర్దూ మాటలాడు మన సోదరులు గాజర్ ఘాస్ అందురు. శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు పార్థీనియం హిస్టరోఫోరస్.

దీని జన్మస్థానము అమెరికా ఖండపు ఉష్ణప్రాంతము. మన దేశమున 1955లో పూనాలో దీనిని గుర్తించిరి. దిగుమతియైన గోధుమలతో కలిసి వచ్చెనని పలువురి అభిప్రాయము. జన్మభూమిలో దీనిని అదుపులో నుంచు పురుగులు, తెగుళ్ళు కలవు. ఇచ్చట అట్టి శత్రువులు లేనందున అచిరకాలముననే దేశమంతట వ్యాపించెను. మొలచిన నెల, నెలన్నర దినములకే పూయును. బాగుగా పెరిగిన ఒక్క మొక్క వేలకొలది విత్తనములనిచ్చును. అవి గాలికి, కాలువ నీటికి, బండ్ల చక్రములకు అంటి పొలము నుండి పొలమునకు చేరును.

దీని వలన కలుగు కీడు మూడు విధములు. మొదటిది భూమికి: దీనియందలి పార్థీనిన్ అను విషపదార్థము ఇతర విత్తనములు మొలకెత్తుటను అడ్డగించును, గరిక వంటి మేత గడ్డి క్రమముగా నశించును. రెండవది పశువులకు: సామాన్యముగా పశువులు దీనిని ముట్టవు, వేరు మేత లేక తినినచో పాలు చేదెక్కును. మూడవది మానవులకు: చర్మముపై దురద, పొక్కులు, పుప్పొడి వలన తుమ్ములు, ఉబ్బసము కలుగును. వట్టి చేతులతో కలుపు తీయు కూలి స్త్రీలే ఈ బాధకు మొదట గురియగుదురు.

నివారణకు తగిన అదను వర్షకాలము. నేల తడిగా నున్నప్పుడు, పూత రాకముందే, చేతితొడుగులు ధరించి వేరుతో పెరుకవలెను. పైన కోసి విడిచినచో మొదలు నుండి మరల చిగురించును. పూత రాని మొక్కలను గోతిలో పేడతో కలిపి కుళ్ళబెట్టి ఎరువుగా వాడవచ్చును. పూచిన వాటిని ఎరువు గోతిలో వేయుట మన చేనికి మనమే విత్తనము చల్లుకొనుట యగును. పైరు లేని బంజరులందు లీటరు నీటికి 150 నుండి 200 గ్రాముల ఉప్పు కరగించి చల్లుదురు. పొలములందు ఇది కూడదు. చెరకు తోటలో సాళ్ళ నడుమ చెరకు చెత్త కప్పినచో కలుపు మొలచుట తగ్గును, తేమయు నిలుచును.

జీవ నియంత్రణ మార్గమును కలదు. మెక్సికో నుండి తెచ్చిన జైగోగ్రామా అను పెంకుపురుగును 1984లో బెంగుళూరు ప్రాంతమున విడిచిరి. పిల్ల పురుగులును, పెద్ద పురుగులును ఆకులను తినివేయును. వానలు పడినపుడే ఇవి చురుకుగా నుండును. ఎండకాలమున మట్టిలో దాగును. కావున వీటినే నమ్ముకొని కూర్చుండరాదు.

పెరికిన చోటును ఖాళీగా విడిచినచో నేలలో దాగిన విత్తనములు తొలి వానకే మరల మొలచును. అమెరికాలో పాడైన పచ్చికమైదానములను పునరుద్ధరించువారు పరదేశపు కలుపును తీసిన వెంటనే స్వదేశపు గడ్డి విత్తనములను చల్లుదురు. మన బీళ్ళకును ఇదియే సూత్రము. పెరికిన చోట గరికను నాటవలెను, లేదా తగిరిస విత్తనములు చల్లవలెను. తగిరిస గుబురుగా పెరిగి వయ్యారిభామకు చోటీయదు. ఈ కార్యమును వరుసగా కొన్ని సంవత్సరములు సాగించిన గాని నేలలోని విత్తనముల నిల్వ తరగదు.

జబల్పూరులోని కలుపు పరిశోధన సంచాలనాలయము ఏటేటా ఆగస్టు 16 నుండి 22 వరకు వయ్యారిభామ అవగాహన వారమును జరిపించుచున్నది. ఆ వారమున మన విద్యార్థులును కళాశాల ఆవరణను, చేరువ బీళ్ళను శుభ్రపరచుట యుక్తము. అయితే కళాశాల కమిటీవారికి మా మనవి ఒకటి కలదు. చేతితొడుగులు లేనిదే ఏ విద్యార్థినీ ఈ పనికి పంపరాదు. ఉబ్బసము, చర్మవ్యాధి గలవారిని దూరముగా నుంచవలెను. తొడుగులకగు వ్యయము స్వల్పము. పొలములో కలుపు తీయు తల్లులకును అవి అవసరమని మన విద్యార్థులు ఇండ్లకు పోయి చెప్పగలిగిననాడు ఈ పాఠము సార్థకమగును.