పుర్రె తెరవకుండా మెదడును తట్టే ధ్వని

అల్ట్రాసౌండ్ అనగానే మనకు గుర్తొచ్చేవి రెండే. ఒకటి స్కానింగ్ సెంటర్. రెండోది మినీ ప్రాజెక్టులో గోడ కనబడగానే ఆగే బుల్లి కారు. ఆ కారు ముందు రెండు కళ్లలా ఉండే సెన్సార్ 40 కిలోహెర్ట్జ్ ధ్వనిని వదిలి, ప్రతిధ్వని ఎప్పుడొచ్చిందో చూసి దూరం లెక్కకడుతుంది. ఇలాంటి ధ్వనినే ఇంకా ఎక్కువ ఫ్రీక్వెన్సీలో, ఒకే బిందువు మీదికి కేంద్రీకరిస్తే మెదడు పనితీరును కాసేపు మార్చొచ్చట!

దీని అవసరం ఏమొచ్చింది? డీప్ బ్రెయిన్ స్టిమ్యులేషన్‌లో పుర్రెకు రంధ్రం చేసి ఎలక్ట్రోడ్ దింపుతారు. గురి బాగా కుదురుతుంది, కానీ అది ఆపరేషన్. తల మీద అయస్కాంత కాయిల్ పెట్టే పద్ధతిలో కోత లేదు. కానీ దాని ప్రభావం సెంటీమీటర్ల మేర పరుచుకుంటుంది, లోతుకు వెళ్లేకొద్దీ బలం తగ్గుతుంది. కోత ఉండకూడదు, లోతుకు వెళ్లాలి, చిన్నచోటనే తగలాలి. ఈ మూడూ ఒకేసారి ఇవ్వగలదన్న ఆశే ఫోకస్డ్ అల్ట్రాసౌండ్.

ఇంటర్‌లో చదివిన సూత్రమే ఇక్కడా: వేగాన్ని ఫ్రీక్వెన్సీతో భాగిస్తే తరంగదైర్ఘ్యం. మెత్తని కణజాలంలో ధ్వని వేగం సెకనుకు సుమారు 1540 మీటర్లు. ఫ్రీక్వెన్సీ 0.5 మెగాహెర్ట్జ్ అయితే తరంగదైర్ఘ్యం దాదాపు 3 మిల్లీమీటర్లు. 5 మెగాహెర్ట్జ్ అయితే 0.3 మిల్లీమీటర్లే. మరి గురి ఇంకా బాగా కుదురుతుంది కదా, అదే వాడొచ్చుగా? వాడలేం. ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ పుర్రె ఎముక ధ్వనిని ఎక్కువగా మింగేస్తుంది. అందుకే ఈ రాజీ.

భూతద్దంతో ఎండలో కాగితం కాల్చిన ఆట గుర్తుందా? వణుకుడు జబ్బుకు చేసే అల్ట్రాసౌండ్ చికిత్స అలాంటిదే. థాలమస్‌లో ఒక చిన్న చోటును వేడితో శాశ్వతంగా దెబ్బతీస్తారు. దానికి అమెరికా ఎఫ్‌డీఏ 2016లో అనుమతిచ్చింది. మనం మాట్లాడుకునేది అది కాదు. ఇక్కడ తీవ్రత చాలా తక్కువ. కాల్చడం కాదు, తట్టడం.

2014లో వర్జీనియా టెక్ పరిశోధకులు విన్ లెగాన్, విలియం టైలర్ బృందం ఒక ప్రయోగాన్ని ప్రచురించింది. మణికట్టు దగ్గర నరానికి చిన్న విద్యుత్ ప్రేరణ ఇచ్చి, మెదడులో స్పర్శను గ్రహించే చోట వచ్చే స్పందనను ఈఈజీలో చూశారు. అదే చోటికి అల్ట్రాసౌండ్ పంపితే ఆ స్పందన తగ్గింది.

అయితే స్పర్శ మొద్దుబారాలి కదా? తమాషా ఏమిటంటే, అది మెరుగైంది! చర్మం మీద దగ్గరదగ్గరగా గుచ్చిన రెండు మొనలు రెండని గుర్తించడంలో మనుషులు ఇంకా చురుకయ్యారు. (మీ డ్రాయింగ్ బాక్సులోని డివైడర్‌తో, కళ్లు మూసుకున్న స్నేహితుడి వేలికొన మీద, తర్వాత ముంజేతి మీద మెల్లగా ఆనించి చూడండి. తేడా మీకే తెలుస్తుంది.) ధ్వని పుంజాన్ని 1 సెంటీమీటరు పక్కకు జరిపితే ఆ ప్రభావం పోయింది.

ఆ 1 సెంటీమీటరు ఎందుకంత ముఖ్యమో 2018లో బాగా తెలిసొచ్చింది. గినీ పందులు, ఎలుకల మీద చేసిన రెండు అధ్యయనాలు ఒక చిక్కు బయటపెట్టాయి. అల్ట్రాసౌండ్ చెవిలోని కాక్లియాను కూడా కదిలిస్తోంది. అంటే అంతవరకూ "మెదడును నేరుగా ప్రేరేపించాం" అనుకున్న స్పందనల్లో కొన్ని, ఆ జంతువులు శబ్దం విన్నందువల్ల వచ్చినవి కావచ్చు! పుంజం కాస్త జరిగినా చెవికి చేరే శబ్దంలో పెద్ద తేడా ఉండదు. ప్రభావం మాత్రం పోయిందంటే, అసలు కారణం గురిపెట్టిన చోటేనని నమ్మకం పెరుగుతుంది.

ఇది చదివినప్పుడు మా బ్యాచ్ బుల్లి కారు గుర్తొచ్చి సిగ్గేసింది. డెమోలో అది గోడ ముందు చక్కగా ఆగింది, చప్పట్లు పడ్డాయి. తర్వాత చూస్తే ఆగింది సెన్సార్ వల్ల కాదు, బ్యాటరీ వైరు లూజై. గోడ తీసేసి ఒక్కసారి నడిపి ఉంటే అప్పుడే తెలిసేది. మేం నడపలేదు.

ధ్వని న్యూరాన్లను ఎలా కదిలిస్తుందన్నది ఇంకా పూర్తిగా తేలలేదు. కణపొరలో ఒత్తిడికి తెరుచుకునే అయాన్ చానెళ్లున్నాయని, వాటి పాత్ర ఉందని ఆధారాలు వస్తున్నాయి. ఒక్క మాట: ల్యాబ్‌లో ట్రాన్స్‌డ్యూసర్ దొరికింది కదా అని తలకు మాత్రం ఆనించకండి. అక్కడున్నది బ్రెడ్‌బోర్డు కాదు, మాడిపోతే మార్చడానికి.