నీళ్ళు, రాళ్ళు, బడిపిల్లలు

తెనాలి,
జ్యేష్ఠమాసము.

చి. ల. సౌ. అమ్మాయికి మామయ్య అనేక ఆశీస్సులతో వ్రాయు జాబు. ఉభయకుశలోపరి యని వ్రాయుటకు ఈసారి కలము సాగుట లేదు.

పిల్లల యూనిఫారములు కుట్టి వచ్చినవనియు, పుస్తకములకు అట్టలు వేయుట మాత్రము మిగిలినదనియు, మృగశిర ప్రవేశించినను హైదరాబాదులో ఉక్క తగ్గలేదనియు నీ కిందటి జాబులో వ్రాసితివి గాని, బడులు తెఱచిన జూన్ 12వ తేదీకి ముందటి రాత్రి నీ నడుము ప్రక్కన దుర్భరమైన పోటు బయలుదేరి, పొత్తికడుపు వఱకు దిగి, తెల్లవారుదాక నిన్ను గదిలో ఈ గోడనుండి ఆ గోడకు త్రిప్పినదనియు, అల్లుడు పూనాలో నుండగా నీవు ఎవ్వరిని లేపక, అలమారులో ఎన్నడో మిగిలిన నొప్పిమాత్ర నొకదానిని మ్రింగి, ప్రొద్దుననే పెద్దవానికి టై కట్టి, చిన్నదానికి జడలు వేసి, ఇద్దరి డబ్బాలలో పులిహోర సర్ది, బస్సెక్కించి చేయి ఊపి, ఆ పిమ్మటనే ఆటో పిలుచుకొని ఆసుపత్రికి పోయితివనియు నాకు తెలిసినది నీవలన గాదు, మీ పిన్ని కూతురి ఫోనువలన. ఆ పిల్ల ఈ వృత్తాంతమును నీ ఘనకార్యముగా చెప్పినది. "ఒక్క పని కూడా ఆగలేదు తెలుసా మామయ్యా!" అన్నది. నాకు కోపము వచ్చినది. నీవు ఆ రాత్రి ఒంటరిగా గోడ పట్టుకొని నిలుచుట తలచుకొని కోపము పోయినది. ఆ మాత్ర సంగతి తలచుకొనగా మరల వచ్చినది.

ఓర్చుకొనుట మన ఇంటి ఆడవాండ్రకు తరతరములుగా వచ్చుచున్న ఆస్తి. మీ అమ్మ సంగతి నీకు నేను చెప్పనక్కఱలేదు. అది తలపెట్టినచో ఈ జాబు ముగియదు. కాని తల్లీ, ఆ ఆస్తిని నీవు అనుభవింపవలెనని ఏ వీలునామాలోను వ్రాసి లేదు.

స్కానులో అయిదు మిల్లీమీటర్ల రాయి కనబడినదట. అంత చిన్న దానికి ఇంత బాధ యేల యని నీవు ఆశ్చర్యపడి యుందువు. మూత్రపిండమునుండి మూత్రాశయమునకు దిగు నాళము సుమారు 25 సెంటీమీటర్ల పొడవు గలది, మిక్కిలి సన్ననిది. రాయి అందు అడ్డుపడినప్పుడు, ఇరుకు సందులో చిక్కిన ఎద్దుబండిని వెనుకనుండి జనము నెట్టినట్లు, నాళము ముడుచుకొని ముడుచుకొని దానిని క్రిందికి త్రోయుచుండును. పైన మూత్రము నిలిచి మూత్రపిండము ఉబ్బును. అందుచేతనే ఆ నొప్పి అలలుగా వచ్చును, ఒక క్షణము విడిచినట్లే విడిచి మరల పట్టుకొనును. ఆ పరిమాణపు రాళ్ళు తఱచుగా కొన్ని వారములలో వానియంతట అవియే పడిపోవునని మీ వైద్యుడు చెప్పిన మాట నిజమే. అయినను చలిజ్వరము వచ్చినను, మూత్రము బిగిసినను, గ్రుక్కెడు నీరైన కడుపులో నిలువకున్నను ఇక ఒక్క గడియ ఆగరాదు. అది రాత్రి కానిమ్ము, పిల్లల పరీక్షదినము కానిమ్ము.

నేను కోపపడునది రాయి వచ్చినందుకు గాదు. ఆ రాత్రి అది రాయియే యని నీకెవరు చెప్పిరి? కడుపులో కుడిప్రక్క పుట్టు నొప్పి అపెండిసైటిసు కావచ్చును. స్త్రీలకు ప్రాణాపాయమైన కారణములు మఱికొన్ని కలవు. నొప్పికి పేరు పెట్టు అధికారము మనకు లేదు. వైద్యుడు పరీక్షించి యిచ్చు సూదిమందు వేరు, అలమారులోని మాత్ర వేరు. ఆ మాత్రలను మాటిమాటికి మ్రింగినచో మూత్రపిండములే చెడునని ఎఱుగుదువు గదా.

ఇక బడి మాట. జీవితమంతయు సుద్దముక్కల పొడిలో గడపినవాడను గనుక చెప్పుచున్నాను, వినుము. బడి తెఱచిన మొదటి వారములో పాఠము జరుగదు. హాజరుపట్టీలో పేర్లెక్కుట, ఎవరు ఏ బల్లమీద కూర్చుండవలెనో తగవులాడుట, టైమ్‌టేబులు మూడుసార్లు మారుట, ఇంతే. అట్ట లేని పుస్తకము తెచ్చిన పిల్లవానిని నేను ఏనాడును బయట నిలబెట్టలేదు. మా చిన్ననాట పాత క్యాలెండరు కాగితములే అట్టలు. నా లెక్కల పుస్తకముమీద సగము లక్ష్మీదేవి, తెలుగు వాచకముమీద మిగిలిన సగము ఉండెడివారు. ఆ దినమున నీ పిల్లలు బడికి పోకున్నను భూమి తలక్రిందులు గాదు. అయ్యో, పులిహోర కూడ కలిపితివా! ఆ చేతులతో పోపు ఎట్లు వేసితివమ్మా?

నేను పల్నాటిలో క్రొత్తగా తెలుగు పండితుడుగా చేరిన కాలము జ్ఞాపకము వచ్చుచున్నది. నాగార్జునసాగరు కాలువలకు ఇంకను నీరు వదలలేదు. అది 1967లో గాని కాలేదు. బడికి నీరు కావిడిమీద దూరమునుండి వచ్చెడిది. అది పిల్లలకే చాలదని ఉపాధ్యాయులము మధ్యాహ్నము దాక గొంతు తడుపుకొనెడివారము కాము. రోహిణికార్తె ఎండలకు రోళ్ళు పగులునందురు గాని, ఆ యేడు మా దేహములలో రాళ్ళు పుట్టినవి. హాజరు పిలుచుచు నడుము పట్టుకొని కూలబడిన నన్ను హెడ్మాస్టరుగారు బండిమీద నరసరావుపేటకు పంపిరి. బండివాడు దారిపొడుగున నన్ను మందలించెను: "అయ్యవారూ, మీరు నీళ్ళు తాగంగ నేనెన్నడూ చూళ్ళేదు. ఎద్దుకైనా పొద్దుటేల కుడితి పెడతామే!" సుశ్రుతుడు అశ్మరిని నాలుగు విధములుగా విభజించి, దాని నిదానమునకును చికిత్సకును వేర్వేరు అధ్యాయములు వ్రాసినాడని అప్పటికే చదివియుంటిని గాని, ఆ బండివాని వాక్యమే నాకు బాగుగా అర్థమైనది. శరీరమును కోయకయే తరంగముల తాకిడితో రాతిని పొడిచేయు యంత్రము మ్యూనిక్ నగరమున మొదట వాడబడుట 1980లో. మా కాలమున పెద్ద రాయికి కత్తియే గతి.

నాటినుండి నీటి విషయమున నాకు చాదస్తము పట్టుకొన్నదని మీ అత్తయ్య అనును. అననిమ్ము. పెండ్లికి పోయినను అక్షతలకు ముందు చెంబు వెదకుదును. పల్నాటివారు సున్నపురాయి నీటిని నిందింతురు, పట్టణమువారు బోరునీటిని నిందించి క్యాను కొందురు. వైద్యులు నీటి గుణముకంటె దాని పరిమాణమునకే ఎక్కువ విలువ యిత్తురు. దినమునకు రెండు, రెండున్నర లీటర్ల మూత్రము వెడలునంతగా త్రాగవలెను. నీవు ఆఫీసులో నీరేల త్రాగవో నాకు తెలియును: అచట మరుగుదొడ్డి శుభ్రముగా నుండదు. నీ కూతురు బడిలో త్రాగకుండుటకును అదియే హేతువు. సాయంకాలము దాని సీసా ఎత్తి చూడుము, నిండుగా తిరిగివచ్చును. కేరళలో 2019లో నీళ్ళు త్రాగుటకే బడిగంట కొట్టించిరి. అంతకుమించిన విద్యాసంస్కరణ నా యెఱుకలో లేదు. మన బడులలో నీటిగంటయు, దానివెంట శుభ్రమైన దొడ్డియు ఉన్నయెడల, తక్కిన పాఠ్యప్రణాళికను నేను క్షమింతును. అయితే నొప్పి మెలిపెట్టుచున్న వేళ బిందెడు నీరు త్రాగినంతమాత్రమున రాయి కొట్టుకొనిపోదు, వాంతియగును. త్రాగవలసినది తక్కిన దినములన్నింట.

టమాటా గింజలే రాళ్ళగుననువారిని నమ్మకుము. బీరు త్రాగినచో రాయి కరగుననువారు బీరుమీది ప్రేమచే చెప్పుదురు. పెరుగు మానకుము, అన్నముతోబాటు తిన్న పెరుగులోని కాల్షియము గోంగూర, పాలకూరలలోని ఆక్జలేటును ప్రేగులలోనే పట్టి బయటకు పంపును. ఉప్పు తగ్గింపుము. నిమ్మరసము మంచిదే, ఉప్పు వేయకున్న.

మన వంశమున ఈ రాయి ఉన్నది గనుక పిల్లలకు దాచక చెప్పుము. ఫ్రెంచి వ్యాసకర్త మొంతేన్, తన తండ్రి బాధపడిన రాతిరోగము తనకును రాగా, దాచుకొనక తన వ్యాసములలోనే దానిని గూర్చి నిస్సంకోచముగా వ్రాసికొన్నాడు. నీ పెద్దవాడు ఐదవ తరగతికి వచ్చినాడు. 108కి ఫోను చేసి ఇంటి గుర్తులు చెప్పగలడు, ఎదురింటి ఆమె తలుపు తట్టగలడు. అమ్మకు నొప్పి వచ్చునని వానికి తెలిసినచో వాడు బెదరిపోవునని నీ భయము. తెలియకున్నచో, నీవు ఒకనాడు నేలమీద పడియుండగా చూచి మఱింత బెదరును. వానిని పిలిచి, బస్సు డ్రైవరు నంబరు, నాన్న నంబరు, నా నంబరు పెద్ద అక్షరములతో వ్రాయించి ఫ్రిజ్జు తలుపుకు అంటింపుము. దస్తూరి బాగులేకున్నను దిద్దవద్దు.

ఆదివారము కృష్ణా ఎక్స్‌ప్రెస్సులో మీ అత్తయ్య వచ్చుచున్నది. వద్దని ఫోను చేయకుము, టికెట్టు కొనుట అయినది. రాయి పడువఱకు ఆమె అక్కడనే ఉండును. డబ్బాలు ఆమె కట్టును, జడలు ఆమె వేయును, నీవు పరుండుము. ఈ యేటి క్రొత్త ఆవకాయ జాడీ తెచ్చెదనని పట్టుపట్టినది. ఉప్పు సంగతి చెప్పి చిన్న సీసాకు ఒప్పించుటకు నాకు ఒక పూట పట్టినది, ఆ సీసాయును అల్లునికే. స్టేషనుకు నీవు రావద్దు. ఆటో ఆమెయే మాట్లాడుకొనును. బేరములో ఆమెను గెలిచిన ఆటోవాడు మా తెనాలిలో ఇంతవఱకు లేడు, మీ ఊరిలో ఉన్నాడేమో చూతము.

ఇట్లు,
మామయ్య