పువ్వు చూసి పేరు చెప్పకండి

రైతు సేవా కేంద్రంలోనో, డెయిరీ ఫీల్డ్ స్టాఫ్‌గానో పనిచేస్తుంటే ఈ మెసేజ్ మీకూ వచ్చే ఉంటుంది: "సార్, చేలో ఊదా పూల మేత ఉంది. ఏంటిది? గేదెలకు వేయొచ్చా?" జతగా ఒక మసక ఫోటో. అవతల రిపోర్ట్ కోసం ఆఫీసు ఫోన్లు. ఆ హడావుడిలో తోచిన పేరు టైప్ చేసేస్తాం. రేపు గేదెకు ఏమన్నా అయితే ఊరంతా తిరిగేది మన మెసేజ్ స్క్రీన్‌షాటే.

ఊదా పూలు లూసర్న్‌కూ ఉంటాయి, అలసందకూ ఉంటాయి, వెంపలికీ ఉంటాయి. తేడా ఆకులోనూ కాయలోనూ తెలుస్తుంది. లూసర్న్‌ది మూడాకుల గుత్తి. నడిమి ఆకు తొడిమ కాస్త పొడవు, ఆకు కొస దగ్గర మాత్రమే సన్నటి రంపపు పళ్లు, కాయ సుడి తిరిగి ఉంటుంది. అలసందకూ మూడాకులే, కానీ బాగా వెడల్పు. కాయ పొడుగ్గా సాగుతుంది. ఈనెకు అటూ ఇటూ వరసగా చిన్నాకులుంటే వెంపలి కావచ్చు. అది కలుపు మొక్క. అందుకే మొక్క మొత్తం, ఆకు దగ్గరగా, కాయ పక్కన పెన్ను పెట్టి, విడివిడిగా ఫోటోలు అడగండి. విత్తనం ఎక్కడ కొన్నారో, ప్యాకెట్ మిగిలి ఉందో అడగడం మరవకండి. సగం కేసులు అక్కడే తేలిపోతాయి.

పేరు సరిగ్గా చెప్పినంత మాత్రాన పని అయిపోదు. లేత లూసర్న్ ఖాళీ కడుపుతో ఎక్కువగా మేస్తే పొట్ట ఉబ్బుతుంది. ముందు ఎండుగడ్డి వేయమని అదే మెసేజ్‌లో రాయండి. పూత మీద పురుగుమందు కొట్టారా, ఎప్పుడు కొట్టారు అన్నది కూడా కనుక్కోండి.

ఎక్కువగా బోల్తా కొట్టించేవి దశరథ గడ్డి, లేత సుబాబుల్. రెండింటికీ చింతాకు లాంటి ఆకే, తెల్లటి పూలే. సుబాబుల్ పువ్వు గుండ్రటి బంతిలా ఉంటుంది, కాయలు వెడల్పుగా, పలచగా గుత్తులుగా వేలాడతాయి. దశరథ గడ్డి కాయ సన్నగా ఉంటుంది. సుబాబుల్‌లో మైమోసిన్ అనే విషపదార్థం ఉంది కాబట్టి మొత్తం మేతలో మూడో వంతు దాటనివ్వకూడదు. దశరథ గడ్డి అనుకుని రోజూ అదే మేపితే పశువు దెబ్బతింటుంది.

జొన్నలో మాత్రం పూత రావడం మంచి కబురే. పూతకు రాని, నీళ్లందక వాడిన లేత జొన్నలో సైనైడ్ విషం ఉండొచ్చు. దాన్ని మేపొద్దని గట్టిగా చెప్పండి.

ఫోన్ యాప్ చూపించే పేరును ఆధారంగా తీసుకోకండి. అనుమానం మిగిలితే కొమ్మను పూత, కాయతో సహా కృషి విజ్ఞాన కేంద్రానికి పంపండి. ఈలోగా రైతుకు "ఇంకా తేలలేదు, నేను చెప్పేదాకా వేయొద్దు" అని రాతపూర్వకంగా పెట్టండి. ఆఫీసు తొందరపెడితే ఆ మెసేజే ఫార్వర్డ్ చేయండి.